ఎన్టీఆర్ ఎన్నికల లెక్క: ఎక్కడ పోటీ చేశారు, ఎక్కడ గెలిచారు, కుర్చీ ఎలా పోయింది (తరచుగా అడిగే ప్రశ్నలు)

ఎన్నికలొస్తే చాలు, ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ ఇదే గొడవ. అన్నగారు ఓటమి ఎరుగరని ఒకరంటే, మరి కల్వకుర్తి సంగతేంటని ఇంకొకరు తగులుకుంటారు. ఇద్దరి దగ్గరా సగం సగం సమాచారమే ఉంటుంది. అందుకే జనం మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టాను. సినిమాల జోలికి పెద్దగా పోలేదు, ఇది ఓట్లూ సీట్లూ కుర్చీల లెక్క.

ఎన్టీఆర్ మొత్తం ఎన్నిసార్లు పోటీ చేశారు? ఎన్నిసార్లు గెలిచారు?

నాలుగు అసెంబ్లీ ఎన్నికలు: 1983, 1985, 1989, 1994. ఒక్కసారి కూడా ఒక్క సీటుతో సరిపెట్టుకోలేదు, కాబట్టి నియోజకవర్గాల వారీగా లెక్కేస్తే తొమ్మిది పోటీలు అవుతాయి. 1983లో గుడివాడ, తిరుపతి. 1985లో గుడివాడ, హిందూపురం, నల్గొండ. 1989లో హిందూపురం, కల్వకుర్తి. 1994లో హిందూపురం, టెక్కలి. వీటిలో ఎనిమిది గెలిచారు, కల్వకుర్తి ఒక్కటే పోయింది. లోక్‌సభ సభ్యుడు మాత్రం ఎప్పుడూ కాలేదు.

పార్టీ పెట్టిన తొమ్మిది నెలల్లోనే అధికారంలోకి వచ్చారంటారు, నిజమేనా లేక అభిమానులు కలిపిన కథా?

నిజమే. 1982 మార్చి 29న హైదరాబాద్‌లో తెలుగుదేశం పార్టీని ప్రకటించారు. 1983 జనవరి 5న పోలింగ్, జనవరి 9న లాల్ బహదూర్ స్టేడియంలో జనం మధ్య ప్రమాణ స్వీకారం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన 1956 నుంచి అప్పటిదాకా కాంగ్రెస్ తప్ప ఇంకో పార్టీ ప్రభుత్వాన్ని చూడని రాష్ట్రం అది.

అయితే కాంగ్రెస్ అప్పటికే చితికిపోయి ఉందా?

బయటికి చూస్తే లేదు. 1978లో ఇందిరా గాంధీ ఉత్తరాదిలో దెబ్బతిని ఉన్న రోజుల్లో కూడా ఇక్కడ ఆమె పార్టీయే గెలిచింది. కానీ ఆ ఒక్క అసెంబ్లీ కాలంలోనే నలుగురు ముఖ్యమంత్రులు మారారు: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. ఎవరు రావాలో, ఎవరు పోవాలో ఢిల్లీలో తేలేది. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో రాజీవ్ గాంధీ ముఖ్యమంత్రి అంజయ్యను అందరి ముందూ కసురుకోవడం జనానికి గట్టిగానే తగిలింది. ఎన్టీఆర్ పట్టుకున్న "ఆరు కోట్ల ఆంధ్రుల ఆత్మగౌరవం" నినాదానికి ఆ సంఘటన రెడీమేడ్ ఉదాహరణ అయిపోయింది. వేరే వివరణ అక్కర్లేకపోయింది.

ఇంకో చిన్న సంగతి చాలామందికి గుర్తుండదు. ఎన్టీఆర్ కిలో బియ్యం రెండు రూపాయలకు ఇస్తానంటే, కోట్ల ప్రభుత్వం ఎన్నికల ముందు రూపాయి తొంభై పైసలకే ఇస్తామని మొదలుపెట్టింది. పది పైసలు తక్కువే. అయినా జనం రెండు రూపాయల మాటనే నమ్మారు. రాజకీయాల్లో రేటు కంటే చెప్పే మనిషి ఎవరన్నదే ముఖ్యమని నాకు ఈ ఉదాహరణ చూసినప్పుడల్లా అనిపిస్తుంది.

చైతన్య రథం అంటే ఏంటి? అంత హడావిడి ఎందుకు?

పాత షెవర్లే వ్యాను. దాన్ని ప్రచారానికి తగ్గట్టు మార్పించి, పైకెక్కి నిలబడి మాట్లాడేలా, లోపలే పడుకునేలా తయారు చేయించారు. కొడుకు హరికృష్ణ నడిపేవారు. ఖాకీ బట్టలు వేసుకుని, రోడ్డు పక్కనే స్నానం, అక్కడే భోజనం, ఊరూరా ఆగడం. అప్పటిదాకా నాయకుడంటే మండే ఎండలో జనాన్ని గంటలకొద్దీ కూర్చోబెట్టి, కారులో వచ్చి, స్టేజీ ఎక్కి, దండ వేయించుకుని వెళ్లిపోయేవాడు. తెర మీద రాముడిగా, కృష్ణుడిగా చూసిన మనిషి మన ఊరి బస్టాండు దగ్గర వ్యాను మీద నిలబడి "ఆడపడుచులారా" అని పిలుస్తుంటే జనం అర్ధరాత్రి దాటినా ఎదురుచూశారు. ఆయన చెప్పిన టైముకి, వచ్చిన టైముకి అసలు పొంతన ఉండేది కాదు, ఐనా ఎవరూ కదిలేవారు కాదు. తర్వాత ప్రతి పార్టీ ఒక రథం తయారు చేయించుకుంది, ఇప్పటికీ చేయించుకుంటూనే ఉంది.

1983లో వచ్చినవి 201 సీట్లా, 202 సీట్లా? ఒక్కోచోట ఒక్కోలా ఉంది.

ఎక్కువగా కనిపించే లెక్క 294కి 201. పార్టీ కొత్తది, అప్పటికి గుర్తింపు లేదు కాబట్టి అధికారిక లెక్కల్లో వాళ్లు స్వతంత్రుల ఖాతాలో కలిసిపోయారు, తేడా అక్కడి నుంచి వచ్చిందే. పైగా మేనకా గాంధీ పెట్టిన సంజయ్ విచార్ మంచ్‌తో పొత్తు ఉంది, వాళ్లకు ఐదు సీట్లిస్తే నాలుగు గెలిచారు. వాటిని కలిపి చెప్పేవాళ్లూ ఉన్నారు. 202 అన్నది 1985 అంకె, రెంటినీ కలిపేసుకోవద్దు. కాంగ్రెస్‌కు 60 వచ్చాయి.

1983లో చంద్రబాబు ఎక్కడున్నారు?

కాంగ్రెస్‌లో. చంద్రగిరిలో తెలుగుదేశం అభ్యర్థి చేతిలో ఓడిపోయి, ఆ తర్వాతే మామగారి పార్టీలో చేరారు.

గుడివాడ సరే, సొంత జిల్లా. తిరుపతి ఎందుకు?

ఆయన స్వగ్రామం నిమ్మకూరు గుడివాడకు దగ్గరే, కాబట్టి అది ఇంటి సీటు. తిరుపతి విషయంలో వేంకటేశ్వరుడి వేషం వేసిన నటుడు కాబట్టి అన్న మాట తేలిగ్గా చెప్పేస్తారు, అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ తర్వాతి జాబితా కూడా పక్కన పెట్టి చూడండి. కృష్ణా, చిత్తూరు, అనంతపురం, నల్గొండ, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం. కోస్తా, రాయలసీమ, తెలంగాణ, ఉత్తరాంధ్ర అన్నీ వచ్చేశాయి. నేను ఒక కులానికో ఒక జిల్లాకో నాయకుణ్ని కాదు, మొత్తం తెలుగువాళ్లకు నాయకుణ్ని అని చెప్పడానికి ఆయన ఉపన్యాసాల కంటే నామినేషన్లనే ఎక్కువ వాడుకున్నారు. అసలు ఆయన ఎన్నికల రికార్డులో గెలుపుల కంటే ఈ సీట్ల ఎంపికే ఆసక్తిగా ఉంటుంది.

దీనికి ఖర్చు కూడా ఉందనుకోండి. ఎన్ని గెలిచినా ఒక్కటే ఉంచుకోవాలి కదా. 1983లో తిరుపతి వదిలారు, 1985లో గుడివాడ, నల్గొండ వదిలారు, 1994లో టెక్కలి వదిలారు. అంటే నాలుగు ఉప ఎన్నికలు. ఓటేసిన వాళ్లకు మళ్లీ క్యూ.

1984 ఆగస్టులో అసలేం జరిగింది?

దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పడం కష్టం. ఎన్టీఆర్ అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని అప్పుడే తిరిగొచ్చారు. పార్టీలో రెండో స్థానంలో ఉన్న ఆర్థిక మంత్రి నాదెండ్ల భాస్కరరావు, మెజారిటీ ఎమ్మెల్యేలు తనవైపే ఉన్నారని గవర్నర్ రామ్‌లాల్‌కు చెప్పారు. ఆగస్టు 16న గవర్నర్ ఎన్టీఆర్‌ను బర్తరఫ్ చేసి నాదెండ్ల చేత ప్రమాణం చేయించారు. అసెంబ్లీలో బలపరీక్ష పెడితే రెండు రోజుల్లో తేలిపోయే విషయం, ఎన్టీఆర్ అడిగిందీ అదే, కానీ ఆ అవకాశం ఇవ్వలేదు.

ఆపరేషన్ కుట్లు కూడా సరిగ్గా ఆరని మనిషి 160 మందికి పైగా ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని ఢిల్లీ వెళ్లి, చక్రాల కుర్చీలో రాష్ట్రపతి భవన్‌కు చేరి, జ్ఞానీ జైల్ సింగ్ ముందు తలలు లెక్కపెట్టుకోమన్నారు. తర్వాత ఎమ్మెల్యేలు చేజారకుండా కర్ణాటకలో పెట్టారు, అక్కడ రామకృష్ణ హెగ్డే ప్రభుత్వం ఉంది కాబట్టి కుదిరింది. మన దగ్గర క్యాంపు రాజకీయాల ముచ్చట వస్తే అందరూ అక్కడి నుంచే మొదలుపెడతారు. ఇప్పుడున్న ఫిరాయింపుల నిరోధక చట్టం అప్పటికి లేదు, అది 1985లో వచ్చింది. ప్రతిపక్షాలన్నీ కదిలాయి, రాష్ట్రంలో బందులు, ఆందోళనలు. చివరికి గవర్నర్‌ను మార్చి శంకర్ దయాళ్ శర్మను పంపారు, సెప్టెంబర్ 16న ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. నాదెండ్లకు "నెల రోజుల ముఖ్యమంత్రి" అన్న పేరు మిగిలిపోయింది.

ఇందిర హత్య తర్వాత దేశమంతా కాంగ్రెస్ గాలి కదా, ఇక్కడ ఎందుకు పని చేయలేదు?

ఆగస్టు గాయం ఇంకా పచ్చిగా ఉంది మరి. 1984 డిసెంబర్‌లో రాజీవ్ గాంధీకి దేశవ్యాప్తంగా 400కు పైగా సీట్లు వస్తే, ఆంధ్రప్రదేశ్‌లో 42కి 30 తెలుగుదేశం గెలుచుకుంది. ఒక ప్రాంతీయ పార్టీ లోక్‌సభలో అతిపెద్ద ప్రతిపక్షంగా కూర్చోవడం అదే మొదటిసారి. అదే ఊపులో హనుమకొండలో పి.వి. నరసింహారావు అంతటివారు తెలుగుదేశం మద్దతున్న బీజేపీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడిపోయారు. ఆ ఎన్నికల్లో బీజేపీకి దేశం మొత్తం మీద వచ్చిన రెండు సీట్లలో అదొకటి.

1985లో మూడు చోట్ల పోటీ చేయడం అవసరమా?

గెలవడానికైతే అవసరం లేదు. అసెంబ్లీని రద్దు చేయించి, నా మీద నమ్మకం ఉందో లేదో మళ్లీ మీరే చెప్పండని జనం దగ్గరికి వెళ్లిన ఎన్నిక అది. కోస్తాలో గుడివాడ, సీమలో హిందూపురం, తెలంగాణలో నల్గొండ. మూడు ప్రాంతాల్లోనూ ఒకేసారి నిలబడి మూడూ గెలిచారు. పార్టీకి 202, కాంగ్రెస్‌కు 50. ఆయన హిందూపురం ఉంచుకున్నారు, సొంత గడ్డ గుడివాడను వదులుకుని. కర్ణాటక సరిహద్దున మూలన ఉన్న ఆ ఊరికి ఆ రోజు నుంచి రాష్ట్ర రాజకీయాల్లో ఒక పేరొచ్చింది.

మరి అంత బలమున్న మనిషి 1989లో ఎందుకు ఓడిపోయారు?

కారణం ఒక్కటి కాదు. ఉద్యోగుల రిటైర్మెంట్ వయసు 58 నుంచి 55కి తగ్గించిన నిర్ణయం 1983 నాటిదే అయినా ఆ వర్గం మర్చిపోలేదు. కరణం, మునసబు, పటేల్, పట్వారీ అనే వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థ రద్దు పేదలకు మంచిదే (నా లెక్కలో ఆయన చేసిన పెద్ద పనుల్లో అదొకటి), కానీ ఊళ్లో పలుకుబడి ఉన్న కుటుంబాలన్నీ ఒక్క దెబ్బతో వ్యతిరేకమయ్యాయి. 1988 డిసెంబర్ 26న విజయవాడలో ఎమ్మెల్యే వంగవీటి మోహన రంగా నిరాహార దీక్షలో ఉండగా హత్యకు గురయ్యారు. ఆ తర్వాత కోస్తాలో జరిగిన విధ్వంసం ఒక పెద్ద సామాజిక వర్గాన్ని పార్టీకి దూరం చేసింది. ఇవి చాలవన్నట్టు 1989 ఫిబ్రవరిలో బడ్జెట్ వివరాలు లీకయ్యాయని మంత్రివర్గం మొత్తాన్నీ ఒక్కసారిగా తీసేశారు. జనం మొదట్లో ముచ్చటగా చూసిన మొండితనమే చివరికొచ్చేసరికి ఒంటెత్తు పోకడలా కనిపించింది. ఫలితం: కాంగ్రెస్ 181, తెలుగుదేశం 74.

కల్వకుర్తిలో ఏమైంది?

అదే ఎన్నికలో హిందూపురంతో పాటు మహబూబ్‌నగర్ జిల్లా కల్వకుర్తిలో నిలబడ్డారు. కాంగ్రెస్ అభ్యర్థి చిత్తరంజన్ దాస్ మూడున్నర వేల ఓట్ల తేడాతో ఓడించారు. ఆయన స్థానికుడు, ఊరూరా పరిచయాలున్న మనిషి. ఇటు ముఖ్యమంత్రి రాష్ట్రమంతా తిరగాలి, గెలిచినా హిందూపురమే ఉంచుకుంటారన్న అనుమానం ఓటర్లకు ఉండే ఉంటుంది. 1985 నల్గొండ అనుభవం పక్క జిల్లాలోనే ఉంది కదా. ఎన్టీఆర్‌ను ఓడించినవాడిగా ఆ ఒక్క గెలుపుతోనే చిత్తరంజన్ దాస్ పేరు చరిత్రకెక్కింది, తర్వాత మంత్రి కూడా అయ్యారు. 2023లో కేసీఆర్ గజ్వేల్‌లో గెలిచి కామారెడ్డిలో ఓడినప్పుడు పాతతరం వాళ్లకు గుర్తొచ్చింది కల్వకుర్తే.

రాష్ట్రంలో ఓడిపోయి కూడా ఢిల్లీలో చక్రం తిప్పారంటారు?

తిప్పారనడం కొంచెం ఎక్కువ. కాంగ్రెసేతర పార్టీల కూటమి నేషనల్ ఫ్రంట్‌కు చైర్మన్ ఆయనే, వి.పి. సింగ్ ప్రధాని అయ్యింది ఆ ఫ్రంట్ తరఫునే. కానీ అదే 1989లో సొంత రాష్ట్రంలో 42 లోక్‌సభ సీట్లకు తెలుగుదేశానికి వచ్చినవి రెండు. పెళ్లి పెద్ద ఆయనే, ఆయన ఇంట్లో మాత్రం పొయ్యి వెలగని పరిస్థితి.

నంద్యాలలో పి.వి. మీద పోటీ పెట్టలేదంటారు, నిజమా?

నిజం. 1991లో ప్రధాని అయ్యాక పి.వి. నంద్యాల ఉప ఎన్నికలో నిలబడితే, తెలుగువాడు ప్రధాని అయ్యాడు కాబట్టి తెలుగుదేశం అభ్యర్థిని పెట్టబోదని ఎన్టీఆర్ ప్రకటించారు. పి.వి.కి ఐదు లక్షలకు పైగా మెజారిటీ వచ్చింది.

1994 గెలుపు 1983 కంటే పెద్దదా?

సీట్లలో పెద్దది. తెలుగుదేశం ఒక్కదానికే 216, మిత్రపక్షాలైన సీపీఐకి 19, సీపీఎంకి 15. కాంగ్రెస్ 26 దగ్గర ఆగిపోయింది, సభలో పదో వంతు కూడా కాదు. ఐదేళ్లలో ముగ్గురు ముఖ్యమంత్రులను మార్చి కాంగ్రెస్ 1983 నాటి తప్పే మళ్లీ చేసింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమాన్ని ఎన్టీఆర్ అందిపుచ్చుకున్నారు. మద్య నిషేధం, మళ్లీ రెండు రూపాయల బియ్యం. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్య నిషేధం అమల్లోకి వచ్చింది.

ఐతే ఓట్ల శాతం చూస్తే కథ వేరు. 1983లోనూ 1985లోనూ తెలుగుదేశానికి 46 శాతం చుట్టూ వచ్చాయి, 1994లో 44. అంటే సీట్లు పెరిగాయి కానీ ఓట్లు కాదు. ఘోరంగా ఓడిన 1989లో కూడా 36 శాతం దాటాయి. ఆయన ఏ ఎన్నికలోనూ సగం ఓట్లు దాటలేదు, ఏ ఎన్నికలోనూ మూడో వంతు కిందికి పడలేదు.

జనం అంత గెలిపిస్తే 1995లో తొమ్మిది నెలలకే ఎలా దిగిపోయారు?

ఇక్కడే అందరూ ఆవేశపడిపోతారు కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్తాను. 1993లో ఆయన లక్ష్మీపార్వతిని పెళ్లి చేసుకున్నారు. పార్టీలో, ప్రభుత్వంలో ఆమె జోక్యం పెరిగిందని కుటుంబ సభ్యులు, ఎమ్మెల్యేలు అసంతృప్తిగా ఉన్నారు. 1995 ఆగస్టులో ఎక్కువమంది ఎమ్మెల్యేలు చంద్రబాబు వెంట హైదరాబాద్‌లోని వైస్రాయ్ హోటల్‌కు చేరారు. ఎన్టీఆర్ రాజీనామా చేశారు, సెప్టెంబర్ 1న చంద్రబాబు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ఒక వర్గం దాన్ని వెన్నుపోటంటుంది, ఇంకో వర్గం పార్టీని కాపాడుకోవడం అంటుంది, ముప్పై ఏళ్లయినా ఈ పంచాయితీ తెగలేదు. 1996 జనవరి 18న ఎన్టీఆర్ కన్నుమూశారు, మళ్లీ జనం దగ్గరికి వెళ్లి తీర్పు అడిగే అవకాశం రాలేదు.

నేను గమనించేది ఒక్కటే. ఆయన కుర్చీ మూడుసార్లు పోయింది: 1984, 1989, 1995. వాటిలో జనం తీసేసింది మధ్యలోది ఒక్కటే. మిగతా రెండుసార్లూ సొంత పార్టీ లోపలి నుంచే. బీఫారం (పార్టీ టికెట్) ఇచ్చి గెలిపించుకున్న వాళ్లను పట్టి ఉంచుకోవడం ఆయనకు చేతకాలేదు. 1984లో జనం వచ్చి కాపాడారు, 1995లో అలా జరగలేదు.

ముఖ్యమంత్రిగా ఎన్నిసార్లు, మొత్తం ఎన్నేళ్లు?

ప్రమాణాలైతే నాలుగు: 1983 జనవరి, 1984 సెప్టెంబర్, 1985 మార్చి, 1994 డిసెంబర్. కాలం మొత్తం కలిపితే ఏడున్నరేళ్లు. ఒక్క అసెంబ్లీ కూడా ఆయన కింద పూర్తి ఐదేళ్లు నడవలేదు, బాగా దగ్గరికొచ్చింది 1985-89.

ఇదంతా సినిమా గ్లామరే కదా?

గ్లామర్ ఒక్కటే చాలితే మిగతా హీరోలూ ముఖ్యమంత్రులు కావాలి. 2009లో చిరంజీవి తిరుపతిలో గెలిచి పాలకొల్లులో ఓడారు, పార్టీకి 18 సీట్లు. 2019లో పవన్ కళ్యాణ్ గాజువాక, భీమవరం రెండింట్లోనూ ఓడిపోయారు, 2024లో కూటమిగా వచ్చినప్పుడు పిఠాపురంలో గెలిచారు. వీళ్లిద్దరి సభలకూ జనం తక్కువేమీ రాలేదు. ఎన్టీఆర్‌కు కలిసొచ్చింది ఖాళీ. అప్పటికి కాంగ్రెస్‌కు ఎదురు నిలిచే పెద్ద పార్టీ రాష్ట్రంలో లేదు, కమ్యూనిస్టుల బలం కొన్ని జిల్లాలకే పరిమితం. చదువుకున్న కుర్రాళ్లకు, బీసీలకు, ఎప్పుడూ టికెట్ మొహం చూడని వాళ్లకు ఆయన టికెట్లిచ్చారు. ఆ తరం నాయకులు చాలామంది ఇవాళ్టికీ రకరకాల పార్టీల్లో కనిపిస్తూనే ఉన్నారు.

ఆయన పోయాక ఓటర్లు ఎటు మొగ్గారు?

1996 లోక్‌సభ ఎన్నికల్లో చంద్రబాబు తెలుగుదేశానికి 16 సీట్లు, లక్ష్మీపార్వతి పెట్టిన ఎన్టీఆర్ తెలుగుదేశానికి సున్నా. ఐతే ఆమె అదే ఏడాది శ్రీకాకుళం జిల్లా పాతపట్నం ఉప ఎన్నికలో గెలిచి అసెంబ్లీకి వెళ్లారు. హిందూపురం ఉప ఎన్నికలో హరికృష్ణ గెలిచారు. ఆ సీటు 1983 నుంచి ఇప్పటిదాకా తెలుగుదేశం చేయి జారలేదు, 2014 నుంచి బాలకృష్ణ వరసగా మూడుసార్లు గెలిచారు.

ఇప్పుడెవరైనా ఎన్టీఆర్ లాగా మూడు చోట్ల పోటీ చేయొచ్చా?

కుదరదు. 1996లో ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి, ఒక అభ్యర్థి ఒకే ఎన్నికలో రెండు స్థానాలకు మించి పోటీ చేయకూడదని పెట్టారు. రెండు గెలిస్తే ఒకటి వదలాలి, అక్కడ ఉప ఎన్నిక జరగాలి. ఆ రెండు కూడా వద్దు, ఒక్కటే ఉండాలని ఎన్నికల సంఘం కేంద్రానికి సిఫార్సు చేసింది కానీ చట్టం మారలేదు.